రబ్బరుకేం కాలేదన్నాడు

ఆ వసంతంలో నా కుడి భుజం పాడైంది. వయసు వల్ల అన్నారు. మా ఊరు దుమ్యాత్‌లో మా టేబుల్ టెన్నిస్ క్లబ్బు తెలిసిన వాళ్ళందరూ అన్నారు, మా అత్తగారు అన్నారు, సూది వేసిన డాక్టరు అన్నాడు, చివరికి నేనూ అన్నాను. అప్పటికి నాకు ముప్పై ఏడు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఖమాసీన్ గాలులు మొదలైన రోజులవి. ఎడారి నుంచి పసుపుపచ్చటి దుమ్ము లేచి ఊరి మీద పడేది. కిటికీలు బిగించుకున్నా రొట్టె నమిలితే పళ్ళ కింద కరకరలాడేది. మా ఊళ్ళో మామూలుగానే వీధివీధికీ వడ్రంగి షాపులు, గాలి నిండా రంపపు పొట్టు. దానికి ఈ దుమ్ము కూడా తోడయ్యేసరికి క్లబ్బు హాల్లో టేబుల్ టెన్నిస్ బల్లల్ని ఆటకు ముందోసారి, మధ్యలో రెండుసార్లు తుడవాల్సి వచ్చేది.

మా ఆయన వగీహ్ ఆ క్లబ్బుకు కోచ్. అందరూ కాప్టెన్ అంటారు. నేను ఆడవాళ్ళ లీగు జట్టులో ఆడేదాన్ని. జట్టుకు ముగ్గురు. మూడో చోటు నాది. ఆయన కోచ్ కాకముందు నుంచీ నాదే.

వగీహ్ చెవి గురించి మా హాల్లో కథలు చెప్పుకునేవారు. ఒక సాయంత్రం ఆయన హాలు ఆ చివర మాకు వీపు పెట్టి నిలబడి టీ తాగుతున్నాడు. ఈ చివర నేనూ రగ్దా ఆడుతున్నాం. రగ్దాకు పదిహేడేళ్ళు, మా జూనియర్లలో అందరికంటే చురుకైన పిల్ల.

"రగ్దా," అన్నాడు వగీహ్ వెనక్కి తిరక్కుండానే. "నీ ఎర్ర రబ్బరు చచ్చిపోయింది. రేపు బ్యాట్ ఇచ్చి వెళ్ళు, మార్చి పెడతాను."

"పోయిన ఈదుకే కదా కాప్టెన్ వేశారు."

"నువ్వు రోజూ ఎంతసేపు బాదుతున్నావో దానికి తెలుసు గానీ ఈదు ఎప్పుడొచ్చిందో దానికేం తెలుసు. చప్పుడు విను. బంతిని పట్టి వదిలితే ఒక మెత్తటి చప్పుడు వస్తుంది. నీది చెక్క మీద కొట్టినట్టు ఖణేల్‌మంటోంది."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా బ్యాట్ కూడా అదే బల్ల దగ్గర, అదే చెవికి వినబడుతూ, అంతకంటే గట్టిగా ఖణేల్‌మంటోందని అక్కడున్న ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తట్టిన మనిషి ఒక్కడే. ఆయన టీ తాగుతూ నిలబడ్డాడు.

ఇరవై ఏళ్ళు ఆడిన దానివి, నీ రబ్బరు సంగతి నీకు తెలియదా అని అడుగుతారు. అడగాల్సిందే. పెళ్ళయ్యాక నా బ్యాట్ నేనెప్పుడూ చూసుకోలేదు. పాత రబ్బరు ఊడదీయడం, జిగురు పూయడం, ఆరబెట్టడం, అంచు కోయడం, ఇది అయిపోయింది ఇక మార్చాలని చెప్పడం, అన్నీ ఆయనే. కొందరు మగవాళ్ళు పెళ్ళాలకు పూలు తెస్తారు, నా మొగుడు రబ్బరు అతికిస్తాడని గొప్పగా చెప్పుకునేదాన్ని. పైగా రబ్బరు ఒక్కరోజులో చావదు. రోజుకు కాస్త పట్టు వదులుతుంది. బంతి నెట్‌లో పడుతుంటే మనం చెయ్యి ఇంకాస్త పైకి లేపుతాం, మర్నాడు ఇంకాస్త. అలా అలా మణికట్టుతో అవ్వాల్సిన పని భుజంతో చేస్తుంటాం. చెయ్యి సర్దుకుపోతుంది. సర్దుకుపోయే చెయ్యికి లోపం ఎక్కడుందో తెలియదు.

అయినా నేను అడిగాను. అది మాత్రం మర్చిపోను.

వంటింట్లో అడిగాను. ఆయన మొలోఖియా ఆకులు సన్నగా తరుగుతున్నాడు. ఆ పని ఆయనకు ఇష్టం. నేను బ్యాట్ తెచ్చి బల్ల మీద పెట్టాను.

"వగీహ్, ఒకసారి దీన్ని చూడు. తిప్పి కొడితే బంతి పైకి లేవడం లేదు. జారిపోతోంది."

చేతులు కడుక్కుని వచ్చి బ్యాట్ తీసుకున్నాడు. తడి గుడ్డతో రబ్బరు తుడిచాడు. దీపం కింద వంచి చూశాడు. బంతి తీసుకుని రబ్బరు మీద దొర్లించాడు. అది నెమ్మదిగా, పట్టి పట్టి కదిలింది.

"చూశావా? పట్టుకుంటోంది. రబ్బరుకేం కాలేదు."

"మరి ఎందుకు జారుతోంది?"

"దుమ్ము కాలం కదా, అందరికీ జారుతోంది." బ్యాట్ నా చేతికిచ్చాడు. "ఇంకో మాట చెప్పనా, ఏమీ అనుకోవుగా?"

"చెప్పు."

"నీ అడుగు ఆలస్యమవుతోంది నగ్లా. బంతి దగ్గరికి వెళ్ళేసరికి అది కిందికి దిగిపోతోంది. అక్కణ్ణుంచి ఎవరు కొట్టినా నెట్‌లోనే."

ఎంత మెత్తగా చెప్పాడో. నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. నేను తల ఊపాను. మర్నాటి నుంచి ఉదయం నైలు ఒడ్డున పరుగెత్తడం మొదలుపెట్టాను, అడుగు పెంచుకుందామని. ముఖానికి గుడ్డ కట్టుకుని ఆ దుమ్ములోనే పరుగెత్తాను. ఎందుకో తెలుసా? రబ్బరుకేం కాలేదు కాబట్టి.

మన్సూరా జట్టుతో పోటీలో రెండు ఆటలూ ఓడిపోయాను. ఎప్పుడూ నా చేతిలో ఓడే మనిషి, నా సర్వీసును చంటిబిడ్డను ఎత్తుకున్నంత సులువుగా ఎత్తి అవతల పెట్టింది. నా సర్వీసులో మెలిక లేదు. తిరిగి వచ్చేటప్పుడు మినీ బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు. అది కోపం కాదు, జాలి. జాలిని గుర్తుపట్టడానికి చెవి అక్కర్లేదు.

ఆ రాత్రి నుంచే భుజం సలుపు. కింది వాటాలో ఉండే అత్తగారు ఆవనూనె కాచి తెచ్చి రుద్దుతూ అంది: "వయసు అందరికీ మోకాళ్ళ ద్వారా కబురు పంపుతుందే. నీకు భుజం ద్వారా పంపింది. గౌరవంగా పంపింది, గౌరవంగానే అందుకో."

"ఏం అందుకోవాలి అత్తా?"

"ఇంట్లో కూర్చో. పిల్లని చూసుకో. వాడు పొద్దంతా ఆడపిల్లల మధ్య గొంతు చించుకుని వస్తాడు, వేళకింత అన్నం పెట్టు. పొట్టి నిక్కరు తొడుక్కుని నువ్వు గెంతే రోజులు కావు."

"నేను నిక్కరు తొడుక్కోను అత్తా, పొడుగు ప్యాంటే."

"అదే, ప్యాంటు తొడుక్కుని గెంతే రోజులు కావు."

అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు క్లబ్బు అధ్యక్షుడు నన్ను పిలిపించి, మా హాల్లో జరిగే సీజను ఆఖరి పోటీ నాడు నాకు ఘనంగా వీడ్కోలు చేస్తామని చెప్పినప్పుడు నవ్వు రాలేదు. గాజు పలక మీద పేరు చెక్కిస్తారట. "మా జట్టుకు తల్లి" అని రాయిస్తారట. నేను జట్టుకు తల్లినెప్పుడయ్యాను? నేను మూడో చోటు ఆటగత్తెను. నాకున్నది ఒక్క కూతురు. దాని పేరు తుకా, దానికి పన్నెండేళ్ళు, అదీ అదే హాల్లో ఆడుతుంది. కానీ అధ్యక్షుడి పక్కన వగీహ్ కూర్చుని తల ఊపుతుంటే, ఆ తల ఊపులో అంత ప్రేమ కనబడుతుంటే, నేనేం అనగలను? థాంక్స్ చెప్పి వచ్చాను. అవును, థాంక్స్ చెప్పాను.

నా చోటు రగ్దాకు. ఆ పిల్లను తయారు చేసే పని నాకు. రోజూ సాయంత్రం దానికి బంతులు అందించాలి.

రగ్దా మంచి పిల్ల. నన్ను చూస్తే సిగ్గుపడేది. "అక్కా, నేను అడగలేదు, వల్లాహి అడగలేదు" అని మొదటిరోజే ఒట్టు పెట్టుకుంది.

"అడిగినా తప్పు లేదు. ఆడు."

షమ్ అన్నసీమ్ వసంత పండగ ముందురోజు. హాల్లో మేమిద్దరమే ఉన్నాం. గాలి ఆగిపోయి, ఉక్కపోతగా ఉంది. రగ్దా నీళ్ళు తాగి వస్తానంటూ తన బ్యాట్ నా చేతిలో పెట్టి పోయింది. బల్లకు అవతల గోడ దగ్గర బంతులు విసిరే యంత్రం నడుస్తూనే ఉంది. అది ఒక బంతి విసిరింది. ఊరికే నిలబడటమెందుకని కొట్టాను.

బంతి వెళ్ళి బల్ల దాటి గోడకు తగిలింది.

ఇంకోటి వచ్చింది. చెయ్యి తగ్గించి కొట్టాను. అది నెట్ మీదుగా లేచి, బల్ల చివర్న దిగి, కిందికి కరుచుకుపోయింది. ఇంకోటి. ఇంకోటి. చెయ్యి భుజం దాకా లేపాల్సిన పనే లేదు. నడుము తిరిగితే చాలు, మిగతాది రబ్బరు చూసుకుంటోంది. ఆ మెత్తటి చప్పుడు నా చేతి కిందనే వినబడుతోంది.

రగ్దా వచ్చి నా వెనక నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు.

"అక్కా, మీది ఒకసారి ఇవ్వండి," అంది.

ఇచ్చాను. ఒక బంతి కొట్టింది. నెట్‌లో పడింది. ఇంకోటి కొట్టింది. అదీ పడింది. మూడోది కొట్టలేదు. బ్యాట్ తిప్పి, రబ్బరు మధ్యలో బొటనవేలితో రుద్దింది. అక్కడ గాజులా మెరుస్తూ తెల్లబారి ఉంది. అంచుల దగ్గర మాత్రం ఎర్రగా, కొత్తదానిలా ఉంది. నేనూ వేలు పెట్టి చూశాను. మధ్యలో నున్నగా జారింది. అంచున పట్టుకుంది.

వగీహ్ ఆ రోజు వంటింట్లో బంతిని దొర్లించింది అంచు వెంట.

"కాప్టెన్ చూడలేదేమో అక్కా," అంది రగ్దా చాలా చిన్న గొంతుతో.

నేను యంత్రం ఆపి, బంతులన్నీ ఏరి, బుట్టలో పోసి, ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పండగ. ఇంటిల్లిపాదీ నైలు ఒడ్డున దుప్పటి పరుచుకుని ఉప్పులో ఊరబెట్టిన ఫెసీఖ్ చేప, ఉల్లికాడలు, రంగులద్దిన గుడ్లు తిన్నాం. ముఖం మామూలుగానే పెట్టుకున్నాను. పండగ పూట పిల్ల ముందు గొడవ ఎందుకని. ఆ చేప వాసన ఇప్పటికీ నాకు పడదు.

ఆ తర్వాతి సాయంత్రం హాల్లో అందరూ ఉండగా వగీహ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వెనక రబ్బర్లు పెట్టే బీరువా ఉంది. తాళం దానికే వేలాడుతోంది. తెరిచాను. విప్పని రబ్బర్లు కట్టగా ఉన్నాయి. రెండు తీసుకున్నాను.

"అవి జూనియర్లకి," అన్నాడు.

"నేనింకా ఈ క్లబ్బు ఆటగత్తెనే కదా? వీడ్కోలు ఇంకా కాలేదు."

"నగ్లా, ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఇంట్లో మాట్లాడాం. వంటింట్లో. రబ్బరుకేం కాలేదన్నావు." నా బ్యాట్ ఆయన ముందు పెట్టాను. "ఇప్పుడు ఇక్కడ చూసి చెప్పు. మధ్యలో దొర్లించు."

హాల్లో బంతుల చప్పుడు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోయింది. వగీహ్ బ్యాట్ ముట్టుకోలేదు.

"దీనికి రెండు సీజన్లు అయ్యాయి," అన్నాను. "రగ్దాది వీపు పెట్టి నిలబడే పట్టావు. తుకాది పోయిన నెల మార్చావు. నాది వినబడలేదా?"

"మర్చిపోయానేమో. ఇంతమంది పిల్లలు..."

"మర్చిపోతే అడిగినప్పుడు గుర్తొస్తుంది. నేను అడిగాను."

ఎవరో దగ్గారు. రగ్దా నేల చూస్తోంది.

"మూడో చోటుకి రగ్దాకీ నాకూ ఆట పెట్టు," అన్నాను. "ఈ కొత్త రబ్బరు నేను అతికించుకుంటాను. గెలిచినవాళ్ళు ఆఖరి పోటీ ఆడతారు."

"జట్టు పేర్లు పంపేశాం."

"కాప్టెన్," అంది రగ్దా. "నాకు సమ్మతమే. ఆడకపోతే నేనా చోట్లో కూర్చోను."

ఆ పిల్ల ఆ మాట అనకపోతే ఆ ఆట జరిగేది కాదు. దానికి పదిహేడేళ్ళు. ముప్పైలు నలభైలు దాటినవాళ్ళు హాలు నిండా ఉన్నారు, ఒక్కరికీ నోరు పెగల్లేదు.

ఆ రాత్రి మాటామాటా అయ్యింది. ఇన్నేళ్ళ కాపురంలో వగీహ్ గొంతు పెంచడం అదే మొదటిసారి.

"ఏం చెయ్యమంటావు? అధ్యక్షుడు కొత్త రక్తం కావాలన్నాడు. నువ్వు నా పెళ్ళానివి. నిన్ను ఉంచితే పెళ్ళాన్ని ఆడిస్తున్నాడంటారు, తీసేస్తే నువ్వు నా ముఖం చూడవు. నీకు ముప్పై ఏడు. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"అయితే చెప్పాల్సింది."

"నేను చెబితే నమ్ముతావా? ఆటే చెబితే నమ్ముతావనుకున్నాను. నీ అంతట నువ్వే వదిలేస్తావని."

"నా భుజం?"

సూది వేయించడానికి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే. నా రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది ఆయనే. ఏ మనిషి అలా కూర్చోగలడు? రబ్బరు మారిస్తే పోయే నొప్పికి పెళ్ళానికి సూది పొడుస్తుంటే చెయ్యి పట్టుకుని, "కాస్త ఓర్చుకో హబీబ్తీ" అని ఎలా అనగలడు?

రబ్బరు నేనే అతికించుకున్నాను. అలవాటు తప్పి ఒక మూల గాలి బుడగ వచ్చింది, ఊడదీసి మళ్ళీ అతికించాను. అంచు వంకరగా కోశాను. చూడటానికి అందంగా లేదు గానీ బంతిని పట్టుకుంది. పది రోజులు సాధన చేశాను. భుజం నొప్పి దానంతటదే దారి చూసుకుని పోయింది. దుమ్యాత్‌లో నాకు వయసు తగ్గిన వసంతం అదొక్కటే.

ఆట రోజున హాలు నిండిపోయింది. అత్తగారు కూడా కర్ర పట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఎవరి పక్షమని ఎవరో అడిగితే, "బంతి పక్షం, పాపం అందరూ దాన్నే కొడుతున్నారు" అంది.

మొదటి ఆట నాది. రెండోదీ నాదే. నా సర్వీసు మెలికకు రగ్దా బ్యాట్‌కు తగిలి బంతి పక్కకు ఎగిరిపోతుంటే, మన్సూరా నుంచి తిరిగొచ్చిన బస్సంతా నాకు గుర్తొచ్చింది. మూడో ఆట నుంచి రగ్దా నన్ను చదవడం మొదలుపెట్టింది. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, ఊపిరి తీసుకోనివ్వకుండా పరుగెత్తించింది. మూడు, నాలుగు పోయాయి. అయిదోది చివరిదాకా పోటాపోటీగా నడిచింది. ఆఖరి బంతి నా కుడి మూలకు వచ్చింది. అడుగు వేశాను. బ్యాట్ అంచుకు తగిలి పైకి లేచిపోయింది.

ఓడిపోయాను.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి రగ్దాను కావిలించుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తోంది. నేను ఏడవలేదు. చాలా నెలల తర్వాత మొదటిసారి నా ఆట నేను ఆడాను. నాకంటే బాగా ఆడిన పిల్ల చేతిలో ఓడాను. ఇంతకంటే శుభ్రమైన ఓటమి ఉంటుందా? దీన్నే నా దగ్గర దాచాలని చూశారు. నా ఓటమిని నాకు ఇవ్వకుండా, దాని బదులు ఒక గాజు పలక ఇవ్వాలని చూశారు. పలక వద్దని అధ్యక్షుడికి అక్కడికక్కడే చెప్పాను. చెక్కించేశాం అన్నాడు. తల్లి అన్న మాట చెరిపి వేరేవాళ్ళకిచ్చుకోండి అన్నాను.

ఇంటికి వచ్చాక వగీహ్ మనసు తేలికపడ్డట్టు కనిపించాడు. టీ పెట్టి నాకూ ఒక గ్లాసు తెచ్చాడు. తుకా మంచం మీద కూర్చుని సాక్సులు విప్పుకుంటోంది.

"బాగా ఆడావు," అన్నాడు. "నిజంగా బాగా ఆడావు. కానీ చూశావుగా? నేను చెప్పిందే అయ్యింది. అడుగు అందలేదు."

"అవును. నువ్వు చెప్పింది నిజమే."

"మరింక దేనికి కోపం?"

"నిజం నీ చేతిలో ఉండగా అబద్ధం ఎందుకు వాడావని."

వగీహ్ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాతి సీజను నుంచి నేను రాస్ అల్‌బర్ర్‌లోని చిన్న క్లబ్బుకు ఆడాను, కింది లీగులో, చాలా ఏళ్ళు. మేం విడిపోలేదు. ఒకే ఇంట్లోనే ఉన్నాం. ఆ ప్రశ్నకు ఆయన ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

ఆ సాయంత్రం జరిగింది ఇంకొక్కటి ఉంది.

తుకా లేచి వెళ్ళి తన బ్యాట్ తెచ్చింది. తండ్రిని దాటి వచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, నాది ఒకసారి చూడు."

"పోయిన నెలే కదరా తల్లీ మార్చాను," అన్నాడు వగీహ్. "కొత్తది."

"తెలుసు నాన్నా," అంది తుకా. "అయినా అమ్మ చూస్తుంది."

దీపం కిందికి వంచాను. మధ్యలో వేలు పెట్టి రుద్దాను. ఆయన చెప్పింది నిజమే. రబ్బరు కొత్తగా, నల్లగా, వేలిని పట్టుకుంటూ ఉంది.

"బాగుంది," అన్నాను.

అప్పుడు గానీ పిల్ల నమ్మలేదు.